జోలమ్మ ఇంటికి గజ్జి వచ్చిన వైనం

మా తోడికోడలిని కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. వీధి వీధంతా జోలమ్మ అనే అంటుంది. పోనీ జోల బాగా పాడుతుందా అంటే అదీ లేదు, ఆ గొంతు విని కాకి కూడా జాలిపడాలి. వీపు మీద చెయ్యి వేసి ఒక్క నిమురు నిమిరిందంటే మాత్రం ఎంత పేచీకోరు పిల్లైనా ఏడుపు మరిచిపోయి ఆవలిస్తుంది. ఆ చేతిలో ఏముందో నాకిప్పటికీ తెలియదు.

కింద రెండు గదులు ఆమెవి, పైగది మాది. నేను ఇస్త్రీ పని చేస్తాను. నా నోరు కూడా ఇస్త్రీపెట్టె లాంటిదే, ఎప్పుడూ కాలుతూనే ఉంటుందని మా ఆయన అంటాడు. అననీ. ఈ సంగతి చల్లగా చెప్పడం ఎవరివల్లా కాదు, నావల్ల అసలే కాదు.

జోలమ్మకి ఒక్కతే చెల్లెలు. తల్లీతండ్రీ పోయాక ఆ పిల్లని జోలమ్మే పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. చెల్లెలికి కూతురు పుట్టి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, "బిడ్డని ఎవరి దగ్గర వదలనక్కా?" అని ఒక్క కన్నీటిబొట్టు రాల్చింది. అంతే, మా మహాతల్లి హాస్టలు వంటగదిలో నికరంగా ఉన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. ఆ బిడ్డే పిచ్చుక. నోరు తెరిస్తే మూయదు కాబట్టి నేను పెట్టిన పేరది. పిచ్చుకని చూసి ఇంకో తల్లి వచ్చింది, ఆమెని చూసి మరొకామె వచ్చింది. బస్సు కండక్టరమ్మ కొడుకు, బేకరీలో పనిచేసే అమ్మాయి చంటిది, ఇంకా ఎవరెవరో. చూస్తుండగానే కింది గదులు పిల్లలతో నిండిపోయాయి. ఆ ఇల్లు అలా గడుస్తోంది. బావగారి కాపలా ఉద్యోగంతో గడిచేది కాదు. పిల్లలు రావడం ఆగిపోతే జోలమ్మకి పనీ ఉండదు, పేరూ ఉండదు.

ఆమె పద్ధతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం పిల్లలు తినగానే ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పొడుగాటి బొంత పరుస్తుంది. ప్రతి తల్లి దగ్గరా ఒక పాత చీర అడిగి తీసుకుని, అన్నీ కలిపి కుట్టిన బొంత. తల్లి చీర ముక్క తగిలితే పిల్లలు బెంగపెట్టుకోరని ఆమె నమ్మకం. అందరూ దాని మీద ఒకరినొకరు ఆనుకుని పడుకోవాలి. ఆ రోజు ఎవరు ఎక్కువ చిరాగ్గా ఉన్నారో వాళ్లు జోలమ్మ చేతి మీద. తల్లులందరికీ ఆ దృశ్యమంటే ఎంత ముచ్చటో! ఫొటోలు కూడా తీసుకునేవాళ్లు. మా కొంప ముంచింది ఆ ముచ్చటే.

ఎండలు మండిపోతున్న రోజుల్లో పిచ్చుక పొడుగు చేతుల గౌనుతో రావడం మొదలుపెట్టింది. అదేమిటే, ఈ ఎండలో కోటు తొడుక్కొచ్చిన లాయరులా అని నేను ఎగతాళి చేశాను కూడా. పిల్ల నవ్వలేదు. గోడకి వీపు రుద్దుకుంది. జోలమ్మ చేతులు కడుగుతూ వేళ్ల మధ్య చిన్న చిన్న పొక్కులు చూసి, సాయంత్రం చెల్లెల్ని అడిగింది.

"దోమలక్కా. మా ఇంటి వెనక కాలువ ఉందిగా" అంది చెల్లెలు. ఫోను చూసుకుంటూ, తలెత్తకుండా.

చెల్లెలు చెప్పాక ఇంకేముంది? అది వేదవాక్కు. జోలమ్మ రోజూ పిల్ల ఒంటికి నూనె రాసి, అదే చేత్తో మిగతా పిల్లలకీ రాసి, దురదతో నిద్రపట్టని పిచ్చుకని తన చేతి మీద పడుకోబెట్టుకుంది. తక్కినప్పుడు పిచ్చుక పక్కన కండక్టరమ్మ కొడుకు ఉండేవాడు, వాడి పక్కన చంటిది.

వానలు పడ్డాక ఒక్కొక్కళ్లుగా మొదలైంది. కండక్టరమ్మ కొడుకు రాత్రంతా గోక్కుంటున్నాడని, వాళ్లింట్లో ఎవరికీ నిద్ర లేదని చెప్పింది. బేకరీ అమ్మాయి చంటిదాని అరచేతుల్లో, అరికాళ్లలో నీటిపొక్కులు వచ్చాయి. చెమటకాయలనుకుని పౌడరు వేశాం. పౌడరు డబ్బాలు అయిపోయాయి తప్ప పొక్కులు పోలేదు. అప్పటికి జోలమ్మ కూడా గిన్నెలు తోముతూ తోముతూ ఆగి మణికట్టు గోక్కోవడం నేను కనిపెట్టాను. ఇది చెమటకాయల బాపతు కాదు తల్లీ, పద అని రెక్క పట్టుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. బేకరీ అమ్మాయి కూడా చంటిదాన్నెత్తుకుని వచ్చింది.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి జోలమ్మ వేళ్ల సందులు చూసింది, మణికట్టు చూసింది. తర్వాత చంటిదాని అరికాళ్లు.

"రాత్రి పడుకున్నాక దురద ఎక్కువవుతుందా?"

"అవునమ్మా."

"మీతో మసిలేవాళ్లలో ఇంకెవరికైనా ఉందా?"

"పిల్లలకుందమ్మా. ఒకళ్ల తర్వాత ఒకళ్లకి."

"ఇదిగో, ఈ పొక్కు పక్కన సన్నగా గీత ఉంది చూడండి, పెన్సిలుతో గీసినట్టు. పురుగు చర్మం లోపల తొలుచుకుంటూ పోయిన దారి ఇది. గజ్జి."

ఆ మాట వినగానే జోలమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. మనవాళ్లకి ఎవరినైనా తిట్టాలంటే గజ్జికుక్క అనేదే కదా నోటికొచ్చేది. "రోజూ ఇల్లంతా ఫినాయిలుతో కడుగుతానమ్మా" అంది, దొంగతనం మోపినట్టు.

"కడిగితే పోయేదైతే నాకింత పని ఉండేది కాదు" అని డాక్టరమ్మ నవ్వింది. "శుభ్రానికీ దీనికీ సంబంధం లేదు. ఒంటికి ఒళ్లు ఆని కాసేపుంటే చాలు, ఎవరికైనా వస్తుంది. ఇంకో సంగతి. మొదటిసారి పట్టినవాళ్లకి దురద మొదలవ్వడానికే నెల పైన పట్టొచ్చు. ఆ లోపల తమకుందని తెలియకుండానే ఇంకొకళ్లకి అంటిస్తారు. అందుకే దురద ఉన్నవాళ్లకి మాత్రమే మందిస్తే లాభం లేదు."

మందు ఎలా వాడాలో చెప్పింది. క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి, పొక్కులున్న చోటే కాదు, ఒళ్లంతా. వేళ్ల సందులు, గోళ్ల కింద, చంకలు, బొడ్డు, తొడల మధ్య, ఏదీ వదలకూడదు. చంటిదానికైతే కళ్లూ నోరూ తప్పించి తలకీ మొహానికీ కూడా. మరీ పసిగుడ్డులకీ కడుపుతో ఉన్నవాళ్లకీ తనని అడక్కుండా ఏదీ రాయొద్దంది. పడుకునేముందు రాసి పొద్దున కడిగెయ్యాలి, మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి. వారం పోయాక ఇంకోసారి. కట్టుకున్నవీ, కప్పుకున్నవీ వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో మూతి బిగించి వారం పక్కన పడేస్తే చాలు, మనిషి ఒళ్లు దొరక్క పురుగు చస్తుంది. మందు పనిచేసినా దురద ఇంకొన్ని వారాలు ఉంటుంది, కంగారుపడి రోజూ పూసుకోకూడదు. కొత్త పొక్కులు వస్తే మాత్రం మళ్లీ రావాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, అన్ని ఇళ్లవాళ్లూ ఒకే రోజు రాసుకోవాలి. ఒక్క ఇల్లు మానేసినా మళ్లీ మొదటికొస్తుంది" అంది.

ఇంటికొచ్చి జోలమ్మ ముందు చెల్లెలికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. చెల్లెలు వెంటనే, "అక్కా, ఎవ్వరికీ చెప్పకు. గజ్జి అంటే ఒక్కళ్లూ పిల్లని పంపరు. నీ పేరు పోతుంది" అంది.

ఫోను పెట్టేసి జోలమ్మ కళ్లు తుడుచుకుంది. "చూశావా, నా పేరు గురించి ఎంత బెంగ పెట్టుకుందో" అని నాతో అంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అయినా దాచలేదు. "పిల్లల్ని నా చేతుల్లో పెట్టేవాళ్ల దగ్గర దాపరికమేంటే" అని, సాయంత్రం తల్లులు రాగానే గుమ్మంలో నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కండక్టరమ్మ మొదట ఒంటికాలి మీద లేచింది. తర్వాత తనే, "సరే, శనివారం రాత్రి అందరం రాసుకుందాం, ఆదివారం పొద్దున్నే స్నానాలు. మానేసినవాళ్లని బస్సెక్కనివ్వను" అని హుకుం జారీ చేసింది. అందరూ ఒప్పుకున్నారు. చెల్లెలు కూడా. "మా ఇంట్లో అందరం రాసుకుంటాంలే అక్కా" అంది.

ఆ శనివారం, ఆదివారం నేను మనిషిని కాదు. బొంత కాగులో ఉడికించాను, ఎండేశాను, దాని ప్రతి అంగుళం మీదా ఇస్త్రీపెట్టె నొక్కాను. పిల్లల గుడ్డలు, దిండ్ల గలేబులు, అన్నీ. పురుగు కనిపిస్తే దాన్ని కూడా మడతపెట్టేదాన్నే. వారం తర్వాత రెండోసారి కూడా అందరూ రాసుకున్నారు. జోలమ్మ బొంత తీసి అటక మీద పెట్టి, పిల్లలకి ఎవరి చాప వాళ్లకి వేసింది. పొక్కులు మానడం మొదలుపెట్టాయి. చంటిది చాన్నాళ్లకి కంటినిండా నిద్రపోయింది. హమ్మయ్య అనుకున్నాం.

పిచ్చుక మాత్రం గోక్కోవడం మానలేదు. దురద ఉంటుందన్నారుగా అని సరిపెట్టుకున్నాం. పిల్ల బెంగగా ఉంటే జోలమ్మ దూరంగా పడుకోబెట్టగలదా? ఒళ్లో వేసుకుంది. పిచ్చుక, కండక్టరమ్మ కొడుకూ అయితే చేతులు పట్టుకునే ఆడతారు, పట్టుకునే పోట్లాడతారు. కొన్నాళ్లకి వాడి వేళ్ల సందుల్లో కొత్త పొక్కులు. ఆ తర్వాత చంటిదానికి. జోలమ్మకి మళ్లీ.

సరిగ్గా అప్పుడే చెల్లెలు పిచ్చుకని పంపడం ఆపేసింది. ఊరికే ఆపిందా? పోతూ పోతూ బస్టాపులో తల్లులందరి దగ్గరా నిట్టూర్చింది. "ఏం చెప్పనండీ, సొంత అక్క. ఆవిడ చేతుల్లోనే ఉంది గజ్జి. మందు రాసుకోమంటే వినదు. మా అత్తగారు ఇంక పంపొద్దన్నారు" అందట. సొంత చెల్లెలే అంటుంటే నమ్మకుండా ఎలా ఉంటారు? ఒకామె ఊళ్లో అమ్మ వచ్చిందని చెప్పి మానిపించింది, ఇంకొకామె చెప్పకుండానే మానిపించింది. బేకరీ అమ్మాయి నాలుగు రోజులు తటపటాయించి, చివరికి ఏడుస్తూ వచ్చి చంటిదాని పాలసీసా తీసుకెళ్లిపోయింది.

ఈ బస్టాపు కబురు నాకు తెలిసి చెబుతానని దిగితే, జోలమ్మ వెనకగదిలో కూర్చుని చేతులు కడుక్కుంటోంది. కడిగిన చేతులే మళ్లీ కడుగుతోంది. చర్మం ఎర్రగా కమిలిపోయింది.

"నా చేతులే కదే. అందరికీ రాసింది ఈ చేతులే" అంది.

"నీ చెల్లెలు బస్టాపులో నీ గురించి ఏమందో తెలుసా?" అని మొత్తం చెప్పేశాను.

నమ్మలేదు. "దానికి కోపమొచ్చి ఏదో అనుంటుంది. పిల్లకి మళ్లీ వచ్చిందిగా పాపం" అంది. గోడకేసి తల బాదుకోవాలనిపించింది, నాది కాదు, ఆవిడది.

తర్వాతి ఆదివారం మిగిలిన తల్లులు పిల్లల సంచులూ చాపలూ తీసుకెళ్లడానికి వచ్చారు. కండక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుని సంచి సర్దుతోంది. అంతలో చెల్లెలి అత్తగారు వీధి మలుపు నుంచే కేకలు పెట్టుకుంటూ వచ్చింది. పిచ్చుకని చంకనేసుకుంది. పిల్ల ఒళ్లంతా గోకిన గాట్లు, కొన్ని చీము పట్టాయి.

"చూడండమ్మా, అందరూ చూడండి! నా మనవరాలిని ఏం చేసిందో! ఎండాకాలంలోనే డాక్టరు గజ్జి అన్నాడు. ఆ పిల్లని చూసుకునేవాళ్లు కూడా మందు వాడాలన్నాడు. కోడలు వచ్చి చెప్తే ఈవిడ వినిందా? నాకు గజ్జేంటి పొమ్మని తరిమేసిందంట!"

జోలమ్మ పిచ్చుక ఒంటి మీద గాట్లు చూసింది.

"ఎండాకాలంలోనా అత్తమ్మగారూ?" అని మెల్లిగా అడిగింది.

"ఎండాకాలంలోనే! అప్పటి నుంచీ పిల్లకి మందు రాస్తూనే ఉంది నా కోడలు. తగ్గడం, మళ్లీ రావడం, తగ్గడం, మళ్లీ రావడం. ఇక్కడికి పంపితే తగ్గుతుందా?"

"మరి మీరు రాసుకున్నారా?"

"నాకెందుకు? పిల్లకీ, చూసుకునే ఈవిడకీ చాలంది కోడలు." అంటూ ఆవిడ తన మణికట్టు బరబరా గోక్కుంది. గోక్కుంటున్నట్టు ఆవిడకే తెలియదు.

"మొన్నామధ్య శనివారం మేమందరం రాసుకున్నప్పుడు?"

"ఏ శనివారం?" అంది అత్తగారు.

కండక్టరమ్మ చేతిలో సంచి కింద పెట్టేసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ దొంగని వాళ్ల అత్తగారే పట్టించింది. మా ఇంట్లో ఒక్క పిల్లకి ఒక్క పొక్కు లేవక ముందే ఆ చెల్లెలికి జబ్బు పేరు తెలుసు. మందు తెలుసు. అక్కకి చెప్పాలని తెలుసు. మధ్యాహ్నం తన కూతురు ఎవరి చేతి మీద పడుకుంటుందో కూడా తెలుసు. తెలిసి పొడుగు చేతుల గౌను తొడిగి పంపింది.

నేను ఊరుకుంటానా? నోటికొచ్చినవన్నీ అనేశాను, అవి ఇక్కడ రాసేవి కావు. అత్తగారికి మొత్తం బోధపడ్డాక మా మెట్ల మీదే కూలబడింది. జోలమ్మ మాత్రం పిచ్చుకని ఆవిడ చంకలోంచి తీసుకుని, "ముందు డాక్టరమ్మ దగ్గరికి పదండి, చీము పట్టింది" అంది.

చెల్లెలు సాయంత్రం వచ్చింది, తేలు కుట్టిన దొంగలా. గోడ వారగా నిలబడి ఏడ్చింది.

"కోడలి వల్లే ఇంట్లోకి గజ్జి వచ్చిందంటారని భయమేసిందక్కా. పిల్లకి గుట్టుగా రాసేస్తే పోతుందనుకున్నా. పోలేదు. ఎవరో ఒకళ్ల మీద పెట్టాల్సొచ్చింది."

"నా మీద పెట్టావు."

"నువ్వైతే ఏమీ అనుకోవనుకున్నా."

జోలమ్మ కమిలిన తన చేతులు చూసుకుంది. "రోజూ ఈ చేతులు చూసుకుని ఏడ్చానే" అంది. "పిల్లల్ని పాడుచేశానని ఏడ్చాను. నువ్వు పక్క వీధిలోనే ఉండి, తెలిసీ, ఏడవనిచ్చావు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ పరువు నేనే కాపాడేదాన్ని కదే, నా పిల్లలకే ముందొచ్చిందని చెప్పుకునేదాన్ని." చెల్లెలు కాళ్ల మీద పడబోయింది. జోలమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. అలా తీసుకోవడం నా జన్మలో చూడలేదు.

మళ్లీ శనివారం, మళ్లీ అన్ని ఇళ్లూ, మళ్లీ నా కాగు, నా ఇస్త్రీపెట్టె. ఈసారి కండక్టరమ్మ స్వయంగా వెళ్లి ఆ అత్తగారింట్లో అందరి చేతా దగ్గరుండి రాయించింది. చీముకి వేరే మందిచ్చారు పిచ్చుకకి. వారానికి రెండోసారి. ఆ తర్వాత కొత్త పొక్కులు రాలేదు, దురదలు ఒక్కొక్కళ్లకీ నెమ్మదిగా సర్దుకున్నాయి. పిల్లలందరూ తిరిగొచ్చారు. బేకరీ అమ్మాయి పాలసీసాతో వచ్చి సిగ్గుతో గుమ్మంలో ఆగిపోతే, జోలమ్మే ఎదురెళ్లి చంటిదాన్ని అందుకుంది.

డాక్టరమ్మ సలహా మీద ఒక కొత్త అలవాటు పెట్టింది. పొద్దున్నే పిల్లలు లోపలికి రాకముందు గుమ్మంలో వెలుతురుకి చేతులు చాపాలి. జోలమ్మ వేళ్ల సందులు, మణికట్లు చూసి లోపలికి పంపుతుంది. వాళ్లకదో ఆట. పెద్దవాళ్లని మాత్రం నోటిమాట అడుగుతుంది, ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అని. లేదంటే లేదే.

పిచ్చుక తిరిగొచ్చిన పొద్దున నేను మెట్ల మీదే ఉన్నాను. పిల్ల చేతులు చూపించి తుర్రుమని లోపలికి పోయింది. వెనకాలే చెల్లెలు, ఎప్పట్లాగే, చెప్పులు విడిచి వంటగది వైపు అడుగేసింది. జోలమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"చేతులు చూపించు."

"నావా అక్కా?"

"నీవే."

చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయింది. రెండు చేతులూ చాపింది. జోలమ్మ ఒక్కో వేలూ విడదీసి, తిప్పి, మణికట్టు దాకా చూసింది. ఏమీ లేవు. అయినా మళ్లీ మొదటి నుంచి చూడసాగింది. వెనక వరసలో ఉన్న కండక్టరమ్మ కూడా తన చేతులు ముందుకి పెట్టి, "నావీ చూస్తావా?" అని అడిగింది.

"నీకెందుకమ్మా" అంది జోలమ్మ, తలెత్తకుండానే. "నువ్వు చెప్తే చాలు."

చెల్లెలు ఇంకా చేతులు చాపుకునే ఉంది.